తాళం వేసే దీపం: ఇంట్లోనే తొలి ఎలక్ట్రానిక్స్ పాఠం



"మా వాడు ఆర్డుయినో కిట్ కొనమంటున్నాడు. షాక్ కొడుతుందా? డబ్బు దండగేమో?" పేరెంట్స్ మీటింగ్‌లో తరచూ వినే ప్రశ్నలివి. రెండింటికీ జవాబు తెలియాలంటే, ముందు కరెంటు అంటే ఏమిటో చూద్దాం.

కాలవ చెప్పే పాఠం

ప్రకాశం బ్యారేజీ దగ్గర నీటిమట్టం ఎత్తులో ఉంటుంది కాబట్టే కృష్ణ నీరు కాలవల్లో మన పొలాలదాకా పారుతుంది. ఆ ఎత్తు తేడా లాంటిదే వోల్టేజ్. పారే నీరు కరెంట్. సన్నని తూము నీటిని అడ్డుకున్నట్టు కరెంటును అడ్డుకునేది రెసిస్టెన్స్. వోల్టేజ్‌ను రెసిస్టెన్స్‌తో భాగిస్తే కరెంట్ ఎంతో వస్తుంది. ఇదే ఓమ్ సూత్రం.

ఒక్క తేడా గుర్తుంచుకోండి. కాలవకు గండి పడితే నీరు బయటికి పారుతుంది. వైరు తెగితే మాత్రం కరెంటు ఆగిపోతుంది, ఎందుకంటే దానికి తిరిగి వెళ్లే దారి కావాలి. అలాగని తెగిన తీగను ముట్టుకోకూడదు. ముట్టుకుంటే మన ఒళ్లే ఆ దారి అవుతుంది.

షాక్ లెక్క

తడిసిన శరీరం రెసిస్టెన్స్ సుమారు 1,000 ఓమ్‌లు అనుకుందాం. ఇంటి ప్లగ్గులో 230 వోల్టులు ఉంటాయి. అంటే 230 మిల్లీఆంపియర్లు. ఇది ప్రాణం తీయగలదు. ఆర్డుయినో ఊనో బోర్డు నడిచేది 5 వోల్టులతో. అదే లెక్కన 5 మిల్లీఆంపియర్లే. బోర్డుతో భయం లేదు. భయమంతా గోడ ప్లగ్గుతోనే.

బోర్డు ఏం చేస్తుంది?

కాలవ మీద లస్కర్ వేళ ప్రకారం షట్టర్లు ఎత్తి దించుతాడు కదా. మైక్రోకంట్రోలర్ అలాంటి లస్కరే. ఏ పిన్నుకు ఎప్పుడు కరెంటు వదలాలో మీ పిల్లలు రాసిన ప్రోగ్రామ్ చెబుతుంది. 2005లో ఇటలీలోని ఇవ్రియాలో విద్యార్థుల కోసం పుట్టిన ఈ బోర్డు నేడు ప్రపంచమంతా వాడుకలో ఉంది.

కలిసి చేసి చూడండి

1. ఎల్ఈడీ పొడవు కాలిని 220 ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా 13వ పిన్నుకు, పొట్టి కాలిని గ్రౌండ్‌కు కలపండి. ఎర్ర ఎల్ఈడీ సుమారు 2 వోల్టులు తీసుకుంటుంది. మిగిలిన 3ను 220తో భాగిస్తే దాదాపు 14 మిల్లీఆంపియర్లు. రెసిస్టర్ లేకపోతే ఎల్ఈడీ, పిన్ను రెండూ పాడయ్యే ప్రమాదం ఉంది.

2. మనది కూచిపూడి గడ్డ కాబట్టి ఆది తాళమే వేయిద్దాం. ఎనిమిది అక్షరాల్లో చప్పట్లు పడేది 1, 5, 7 మీద. అక్షరానికి అర సెకను, అంటే డిలే 500 మిల్లీసెకన్లు. 1, 5, 7లో దీపం సగం అక్షరం వెలిగి ఆరాలి. మిగతా అక్షరాల్లో ఆరి ఉండాలి.

3. ఇప్పుడు వేగం రెట్టింపు చేయమనండి. ఏ అంకెలు మార్చాలో మీరు చెప్పకండి.

దీపం వెలగకపోతే ఎల్ఈడీ కాళ్లు తారుమారయ్యాయేమో చూడమనండి. తప్పు వెతకడమే ఇక్కడ అసలు చదువు. అది పిల్లలకు వంటబడితే కిట్ డబ్బు దండగ కాదు. కొనగానే అల్మారాలో పెడితే మాత్రం దండగే.

తప్పనిసరి జాగ్రత్తలు

• బోర్డుకు కరెంటు ల్యాప్‌టాప్ యూఎస్‌బీ నుంచే ఇవ్వండి. నాసిరకం ఛార్జర్లు వద్దు.
• ఫ్యాను, బల్బు, నీళ్ల మోటారు జోలికి పిల్లలు సొంతంగా వెళ్లకూడదు, రిలే ఉన్నా సరే.
• ఇంట్లో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. కరెంటు దారి తప్పితే అది వెంటనే సరఫరా ఆపేస్తుంది.

ఈ ఆదివారం ఒక గంట పిల్లల పక్కన కూర్చోండి. దీపం తాళం తప్పితే, ఎక్కడ తప్పిందో ముందు వాళ్లనే కనిపెట్టనివ్వండి.