కాయకము వేరు, వెట్టి వేరు



అమీర్‌పేట, పంజగుట్ట ప్రాంతముల అడ్డాలమీద తెల్లవారకమునుపే తట్ట, పార పట్టుకొని నిలుచుండు కూలీలను మనము నిత్యము చూచుచున్నాము. పని దొరికినవారు పోవుదురు. దొరకనివారు ఎండ ఎక్కువరకు ఎదురుచూచి ఇంటిముఖము పట్టుదురు. అచ్చటికి కొద్ది దూరమున, ఖైరతాబాదు దాపుననున్న మింట్ కాంపౌండులో 2025 సెప్టెంబరున ఇందిరమ్మ క్యాంటీను తెరువబడినది. అందు 5 రూపాయలకు భోజనము పెట్టుదురు. ఈ దినము ఏమి పని చేసితివని ఎవరును అడుగరు.

ఇది చూచి మనవారిలోనే కొందరు, "ఊరక పెట్టిన తిండి మనిషిని సోమరిని చేయును. కాయకము లేని కూడు తగదని కదా మన మార్గము! ప్రభుత్వము పని చేయించుకొనియే సాయము చేయవలెను" అందురు. ఈ మాట బసవ బోధవలెనే వినిపించును. నిజమున కది అట్టిదేనా యని విచారింతము.

కాయకమనగా నేమి?

కాయకము శరణుడు తనకు తాను విధించుకొన్న నియమము. 12వ శతాబ్దిన కల్యాణములో ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యపు గింజలు ఏరి తెచ్చుట కాయకముగా జీవించెను. ఒకనాడు అవసరమునకు మించి తేగా, ఇల్లాలు లక్కమ్మ ఆ ఆశ మనకు తగదని చెప్పి మిగులు బియ్యమును తిరిగి పంపినది. ఈ కథలో మారయ్యకు కొలత పెట్టినది ఎవరు? ఆయన ఇంటి నియమమే గాని, రాజభాండారి యైన బసవన్న కాదు. బసవన్న వాకిట తూనికలు పెట్టి కావలివానిని నిలుపలేదు. కాయకమునకు జంట దాసోహము. ఒకటి తన విషయమున పాటించునది, రెండవది ఎదుటివాని విషయమున పాటించునది. ఎదుటివాని ఆకలిని ఆసరా చేసికొని చేయించు పనికి కాయకమని పేరు లేదు. దానికి తెలంగాణ పల్లెలు ఎరిగిన పేరు వెట్టి.

కరవునాటి పాఠము

1876-78 నాటి కరవులో మద్రాసు రాజధానియందు ఆంగ్ల ప్రభుత్వము పని పరీక్ష పెట్టినది. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కరవు పనిచేయు మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యము, ఒక అణా చాలునని నిర్ణయించెను. ఆ తిండితో దేహము నిలువదని ఆరోగ్యాధికారి కార్నిష్ వాదించగా, కొన్ని నెలలకే కూలి పెంచవలసివచ్చినది. బకింగ్‌హాం కాలువ పనులు కొంత ఆ కరవు కూలీల చేతులమీదుగనే సాగినవి. పనికి వచ్చినవాడే నిజముగా ఆకలిగొన్నవాడని ఆ పరీక్ష యొక్క లెక్క. కాని అందరికంటె ఎక్కువ ఆకలిగొన్నవాడు తట్ట ఎత్తలేనివాడు గదా! పరీక్షలో మొదట ఓడిపోవువాడు వాడే.

స్వతంత్ర భారత రాజ్యాంగము 23వ అధికరణమున వెట్టిని నిషేధించినది. రాజస్థాన్ కరవు పనులలో కనీస వేతనముకంటె తక్కువ ఇచ్చుట ఈ అధికరణమునకు విరుద్ధమని 1983లో సంజిత్ రాయ్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. సాయమనెడి పేరుతో పని చేయించుకొని కూలి తగ్గించుటకు ప్రభుత్వమునకు సైతము హక్కు లేదని దీని సారము.

పని అడుగుటకు ముందు పని చూపవలెను

2005 ఉపాధి హామీ చట్టము ఈ వరుసను తిప్పినది. పని కోరువాడు కూలివాడు. 15 దినములలో చూపవలసినది ప్రభుత్వము. చూపనిచో భృతి ఈయవలెను. 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లిలో అది ఆరంభమైనది. దాని స్థానమున 125 దినముల హామీగల కొత్త చట్టమును 2025 డిసెంబరున పార్లమెంటు ఆమోదించినది. రెండును పల్లెలకే, అడ్డామీది కూలివానికి ఆ హామీ లేదు. పని చేయుమని వానికి బోధించువారు వాడు ఉదయమునుండి పనికొరకే నిలుచున్నాడని మరచుచున్నారు.

సోమరితనము దోషము కాదని మేము చెప్పము. అయినను సాయము పొందువారెవరో చూడుడు. 2014లో తెలంగాణలో ఆరంభమైన ఆసరా పింఛను వృద్ధులకు, వితంతువులకు, వికలాంగులకు, 50 ఏండ్లు దాటిన చేనేత, గీత కార్మికులకు ఉద్దేశింపబడినది. మగ్గము గుంటలో కండ్లు, కీళ్ళు అరుగదీసికొన్నవానిని మరల పని చేసి చూపుమనుట న్యాయమా? వాని కాయకము అదివరకే జరిగినది.

కావున అశక్తునికి ఏ నిబంధనయు వలదు. శక్తునికి పని చూపి, న్యాయమైన కూలి ఇచ్చి, ఆ పిదపనే పని అడుగవలెను. ఆకలిగొన్నవానికి ముందు అన్నము. లక్కమ్మ కొలత మన ఇంటి బియ్యమునకు. దానిని తీసికొనిపోయి పొరుగువాని విస్తరిమీద పెట్టరాదు. నేడు నేను తిన్న కూడునకు తగిన కాయకము చేసితినా యని ప్రతి శరణుడు రాత్రి తన్ను తాను అడుగవలెను. ఎదుటివాని నడుగవలసిన ప్రశ్న వేరు: అన్నా, భోజనమైనదా?