బల్లమీది రైలుమార్గం

గోరంట్లలో రైలుస్టేషను లేదు. రైలును చూడాలంటే హిందూపురానికో పెనుకొండకో వెళ్లాలి. అయినా కొలబద్దా, ఓర్పూ ఉన్నవారు రైలుమార్గాన్ని ఒక బల్లమీద నిలుపగలరు. అదే నమూనా రైలు నిర్మాణం. పుణే నగరంలో భావుసాహెబ్ జోషి నెలకొల్పిన సూక్ష్మ రైళ్ల ప్రదర్శనశాల ఈ కళకు మన దేశంలో ప్రసిద్ధమైన ఉదాహరణ.

ఈ కళకు ప్రాణం నిష్పత్తి. బహుళ ప్రచారంలో ఉన్న ‘హెచ్.ఓ.’ కొలతలో ప్రతి వస్తువూ అసలు పరిమాణంలో 87వ వంతు ఉంటుంది. అంగళ్లలో దొరికే 16.5 మిల్లీమీటర్ల పట్టాలు ఐరోపాలో విరివిగా కనిపించే 1435 మిల్లీమీటర్ల మార్గానికి సరిపోతాయి. మన బ్రాడ్‌గేజి వెడల్పు 1676 మిల్లీమీటర్లు. దానికి 19 మిల్లీమీటర్లకు పైగా ఎడం కావాలి. కనుక హిందూపురం మార్గాన్ని ఉన్నదున్నట్లు చూపదలచినవారు పట్టాలను స్వయంగా అమర్చుకోక తప్పదు.

పరిసరాల కల్పనలోనూ ఇదే నిజాయితీ అవసరం. బండరాళ్ల గుట్టలు, ఎర్రనేలలో వేరుశనగ చేలు, ఎండిన ఏటి ఇసుక ఉంటేనే అది అనంతపురం సీమ. దట్టమైన అడవిని అతికిస్తే అందం రావచ్చు గాని ఊరి పోలిక పోతుంది.

పట్టాలలో ప్రవహించే స్వల్ప విద్యుత్తుతో బండి కదులుతుంది. ధన, రుణ ధ్రువాలను తారుమారు చేస్తే వెనుకకు నడుస్తుంది. ఒంటిదారిలో రెండు బళ్లు ఎదురైతే ఒకటి స్టేషనులో ఆగి దారి ఇవ్వాలి. ఆ క్రమం తప్పితే బల్లమీద కూడా ప్రమాదమే.

రైలు రాని ఊరి విద్యార్థికి ఈ బల్ల తన నేలను కొలిచి చూడటం నేర్పుతుంది.

ప్రశ్న: నమూనా రైలు నిర్మాణంలో నిష్పత్తి ప్రాధాన్యాన్ని వివరించండి.