పాత మారుతికి ఇంకెంత ఆయుష్షు?

ప్రశ్న: మా 1998 మారుతి 800 లక్షన్నర కిలోమీటర్లు దాటింది. ఇంజన్‌ను ఇంకా నమ్మొచ్చా?

జవాబు: నమ్మొచ్చండి, కానీ మీటరు చూసి తేల్చకండి. 796 సీసీ, మూడు సిలిండర్ల ఆ చిన్న ఇంజన్ గట్టిది. వేళకు ఆయిల్ మారిస్తే ఇంకా చాలా తిరుగుతుంది. దాని ప్రాణం తీసేది వేడి. హెడ్ అల్యూమినియంది కాబట్టి ఒక్కసారి బాగా వేడెక్కినా వంగిపోయి గాస్కెట్ పోవచ్చు. రేడియేటర్‌లో కుళాయి నీళ్లు వద్దు, కూలెంట్ పోయించండి. టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో గుర్తులేకపోతే ఇప్పుడే మార్పించండి.

పొద్దున స్టార్ట్ చేయగానే కాస్త నీలం పొగ వచ్చి ఆగిపోతే చాలావరకు వాల్వ్ సీల్స్ అరిగినట్టే, భయపడాల్సింది లేదు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా వస్తుంటే పిస్టన్ రింగుల్ని అనుమానించాలి. అప్పుడు కూడా ముందు కంప్రెషన్ చూపించండి. అది చూడకుండా ఇంజన్ విప్పనివ్వకండి.