జీర్ణోద్ధరణము – సంరక్షణము: ఇంగిల్షమ్ గ్రామచర్చి

దక్షిణాపథ శాసనములలో ‘ఖండస్ఫుటిత జీర్ణోద్ధారము’ అను పదబంధము తఱచుగా కానవచ్చును. విఱిగినదానిని, పగిలినదానిని, శిథిలమైనదానిని బాగుచేయించుటకై దాతలు భూములిచ్చిరి. కాని మరమ్మతు ఎచట ముగియును, నవనిర్మాణ మెచట మొదలగును అను ప్రశ్న ఆ మాటలో లేదు.

ఆ ప్రశ్న 19వ శతాబ్దపు ఇంగ్లండులో తీవ్రముగ చర్చకు వచ్చినది. నాటి పునరుద్ధరణవాదులు మధ్యయుగపు గోథిక్ శైలియే శుద్ధమని తలచి, అనేక చర్చీలలో తరువాతి చేర్పులను తొలగించిరి. గోడల పూతను గీకివైచిరి. లేని భాగములను ఊహించి కట్టిరి. దీని నెదిరించుటకై విలియం మారిస్, ఫిలిప్ వెబ్ మున్నగువారు 1877లో ప్రాచీన కట్టడముల రక్షణ సంఘమును స్థాపించిరి. పాతదానిని క్రొత్తగా చేయుటకంటె, నిత్యము కనిపెట్టి చెడకుండ నిలుపుట మేలని వారి సిద్ధాంతము.

విల్ట్‌షైర్ సీమలో థేమ్సు నది చెంతనున్న ఇంగిల్షమ్ చర్చి దీనికి నిదర్శనము. మారిస్ నివసించిన కెల్మ్‌స్కాట్ గ్రామ మిందులకు చేరువనే కలదు. కట్టడము ప్రధానముగ 13వ శతాబ్దమునాటిది. అందలి తల్లీబిడ్డల శిల్పము అంతకు పూర్వమైన ఆంగ్లో-సాక్సన్ కాలపుది. తలుపులుగల పెట్టెలవంటి ఆసనములు మఱి కొన్ని శతాబ్దముల తరువాతివి. 1888–89లో మారిస్ పూనికతో జరిగిన మరమ్మతు ఆ ఆసనములను తొలగింపలేదు.

గోడలపై 13 మొదలు 19వ శతాబ్దమువఱకు గల చిత్రములు, వ్రాతలు ఒకదానిపై నొకటి పొరలుగా నున్నవి. అడుగు పొరను చూపవలెనన్న పై పొరను నశింపజేయవలెను. తాళపత్ర పరిష్కర్తకు ఇట్టి చిక్కు లేదు: ఒక పాఠమును గ్రహించి తక్కినవానిని అధోజ్ఞాపికలో నిలుపవచ్చును. గోడకు అధోజ్ఞాపిక లేదు. అచట త్యజించిన పాఠము మరల లభింపదు.

నిత్యారాధన నిలిచిన ఆ చర్చి నేడు చర్చీల సంరక్షణ ట్రస్టు అధీనమున నున్నది. కాని పొరలను పుట్టించినది ఆరాధనయే. ప్రతి తరము తన అవసరమునకై సున్నము వేసి, క్రొత్త వ్రాత వ్రాసినది. జీర్ణోద్ధారము ఆ వాడుకను నిలుపును. సంరక్షణము దాని జాడను నిలుపును. పూజ సాగుచున్న ఆలయమున ఈ రెండును ఒకేమారు కావలసియుండును. కనుక ఈ రెండు పదములను పర్యాయములుగా వాడుట తగదు.