పాళెములో గసిక

పాఠభాగము: ద్వితీయోపదేశకాండము 23:12-14



ఏటూరునాగారము అడవులలోని మేడారమునకు రెండేండ్లకొకమారు మాఘమాసమున లక్షలాది జనులు వచ్చి, చెట్లక్రింద గుడారములు వేసికొని, జంపన్నవాగులో స్నానము చేయుదురు. గిరిజనుల ఆ సమ్మక్క సారలమ్మ జాతర 1996లో రాష్ట్ర పండుగయైనది. మనలో కొందరును బండ్లు తోలుటకు, దుకాణములు పెట్టుటకు అక్కడికి పోవుదురు గదా. నాలుగు దినములకు జనము వెడలిపోవును. ప్లాస్టిక్ సంచులు, సీసా పెంకులు అడవిలో మిగులును. వాటిని పారిశుద్ధ్యపు పనివారు ఎత్తవలసి వచ్చును.

మోషే దండు పాళెమునకు ఒక కట్టడ నిచ్చెను. ప్రతివాడును ఆయుధములతోపాటు గసిక నుంచుకొని, వెలుపల గొయ్యి త్రవ్వి, తన మలమును తానే కప్పవలెను. దేవుడు పాళెములో సంచరించును గనుక అది శుద్ధముగా నుండవలెను. ఈ పని ఒక్క సేవకునికి అప్పగింపబడలేదని గమనించుడి.

మన కూటముల పందిట్లో ఏమి జరుగుచున్నది? భోజనము కాగానే అందరము లేతుము. ఎంగిలి విస్తళ్లను ఇద్దరు పేద స్త్రీలే ఏరుదురు. భూమి దేవునిది, మనము పరవాసులము (లేవీ. 25:23). ఇకమీదట కూటమునకైనను జాతరకైనను ప్రతి కుటుంబము ఒక గోనెసంచి తీసికొనిపోయి, తన చెత్తను తానే తెచ్చుకొనవలెను.

ఆలోచించుడి: నా గసిక ఎవరి చేతిలో నున్నది?