నాలుగు సెంటీమీటర్లు: మేనకోడలికి ఒక ఉత్తరం

చిలకలూరిపేట,
మార్చి 9.

చిరంజీవి అమ్మలుకు,

అత్తయ్యకు మోకాళ్ల నొప్పి కాస్త తగ్గింది. పత్తి కట్టె పీకించేశాం. మిరప ఆఖరి కోత నడుస్తోంది. కల్లంలో కాయ ఎండుతోంది కాబట్టి ఇంట్లో ఎవరు నోరు విప్పినా మధ్యలో రెండు తుమ్ములు తప్పవు.

నువ్వు పంపిన పొడుగాటి మెసేజి రాత్రి రెండుసార్లు చదివాను. ఫోనులో తేల్చేసే సంగతి కాదనిపించి కాగితం తీశాను. లాంగ్‌జంప్‌లో మొదటి స్థానం వచ్చింది. మెడలో పతకం వేశారు. సాయంత్రానికి గోడ మీద అంటించిన జాబితాలో నీ పేరు లేదు. విదేశం వెళ్లే జట్టుకు పెట్టిన అర్హత దూరానికి నాలుగు సెంటీమీటర్లు తగ్గావన్నారు. "దేశంలో ఇవాళ నాకంటే ఎక్కువ దూకిన పిల్ల లేదు కదా మామయ్యా, ఆ చోటు ఖాళీగా అయినా వదిలేస్తారు గానీ నన్ను పంపరా?" అని అడిగావు. ఆ ప్రశ్నలో ఏడుపు ఉంది, న్యాయమూ ఉంది. రెంటికీ జవాబు చెప్పాలి.

ముప్పై ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా చేసినవాణ్ని. ఊరడింపు మాటలు చెప్పి నిన్ను వదిలేయను. అర్హత గట్టిగా ఉండటం తప్పని నేను అనను. ఆ హద్దు దాటని నిన్ను పంపకపోవడం అన్యాయమనీ అనలేను. కానీ గట్టిగా ఉండే హక్కు ఊరికే రాదు. ఎంపిక చేసేవాళ్లు దాన్ని సంపాదించుకోవాలి.

నువ్వు ఏడో తరగతిలో ఉండగా మీ నాన్నా నేనూ పత్తి వేసుకుని కాటన్ కార్పొరేషన్ (సీసీఐ) కొనుగోలు కేంద్రానికి బయల్దేరితే నువ్వూ ట్రాక్టరు ఎక్కావు, గుర్తుందా? తేమ మీటరు పెట్టి చూశారు. 8 శాతం దాకా పూర్తి ధర, అక్కణ్నుంచి 12 దాకా తేమను బట్టి కోత, 12 దాటితే కొనరు. మన పత్తి 13 చూపించింది. మీ నాన్న మారు మాట్లాడకుండా బండి వెనక్కి తిప్పాడు. రెండు రోజులు ఎండబెట్టి తీసుకెళితే కొన్నారు. అంతకు ముందు ఏడు ఇంటికొచ్చిన ఒక వ్యాపారి పత్తిలో చెయ్యి పెట్టి, గుప్పెడు తీసి నలిపి, తడిగా ఉందని ధర తెగ్గోశాడు. ఆ రాత్రి మీ నాన్న అన్నం ముట్టలేదు. మీటరు కాదన్నప్పుడు ఏం చేయాలో ఆయనకు తెలిసింది. చెయ్యి కాదన్నప్పుడు ఏం చేయాలో తెలియలేదు. దేశాలు క్రీడాకారులను ఎంచుకోవడంలో ఉన్న గొడవంతా నాకు ఈ రెండు సంఘటనల్లోనే కనిపిస్తుంది.

మన గుంటూరులో పుట్టిన క్రికెటరు అంబటి రాయుడు మీటరునూ చూశాడు, చెయ్యినీ చూశాడు. 2018 ఐపీఎల్‌లో చెన్నై తరఫున 602 పరుగులు చేశాడు. ఇంగ్లండ్ వెళ్లే వన్డే జట్టులో చోటు వచ్చింది. జూన్‌లో బెంగళూరులో యో-యో పరీక్ష పెట్టారు. గంట మోగేలోపు 20 మీటర్లు పోయి రావాలి, పోనుపోను వేగం పెరుగుతుంది. అప్పటి హద్దు 16.1. రాయుడు అందుకోలేకపోయాడు. ఆయన బదులు సురేశ్ రైనా వెళ్లాడు. అన్ని పరుగులు చేసినవాణ్ని పరుగు పందెంలో ఆపేస్తారా అని మన అరుగుల మీద చాలామంది మండిపడ్డారు. రాయుడు మాత్రం ఒళ్లు వంచి సాధన చేశాడు, పరీక్ష నెగ్గాడు, సెప్టెంబరు ఆసియా కప్‌కి జట్టులోకి వచ్చేశాడు. 2019 ఫిబ్రవరి 3న వెల్లింగ్టన్‌లో 18 పరుగులకే 4 వికెట్లు పడిపోయిన చోట నిలబడి 90 కొట్టాడు.

ఆ తర్వాత ఆస్ట్రేలియా మీద మూడు మ్యాచుల్లో త్వరగా అవుటయ్యాడు. ఏప్రిల్ 15న ప్రపంచ కప్ జట్టు ప్రకటించారు. సెలెక్షన్ కమిటీ అధ్యక్షుడు ఎమ్మెస్కే ప్రసాద్ గారు. ఆయనదీ గుంటూరే. రాయుడి పేరు లేదు. బ్యాటింగు, బౌలింగు, ఫీల్డింగు మూడూ వచ్చని విజయ్ శంకర్‌ను తీసుకున్నామన్నారు. రాయుడు స్టాండ్‌బైగా మిగిలాడు. విజయ్ శంకర్‌కు దెబ్బ తగిలితే అప్పటికి ఒక్క వన్డే కూడా ఆడని మయాంక్ అగర్వాల్‌ను పిలిచారు. జులై 3న రాయుడు ఆటకు సెలవన్నాడు. ఆడిన 55 వన్డేల్లో సగటు 47 దాటినవాడు. రెండు నెలలు తిరగకుండానే ఆ మాట వెనక్కి తీసుకున్నాడు గానీ మళ్లీ దేశానికి ఆడే అవకాశం రాలేదు.

ప్రసాద్ గారు చేసింది తప్పని నేననను. మన జిల్లావాడని మొగ్గు చూపకపోవడం సెలెక్టరుకు ఉండాల్సిన మొదటి గుణం, ఆ గుణానికి దండం పెడతాను. జట్టు ఆటలో అన్నిటినీ టేపుతో కొలవలేం కూడా. నేను చూపించేది ఒకటే. జూన్‌లో ఓడినప్పుడు రాయుడికి 16.1 అనే అంకె ఎదురుగా ఉంది, దాన్ని పట్టుకుని పైకొచ్చాడు. ఏప్రిల్‌లో పట్టుకుని లేవడానికి అలాంటి అంకె ఏదీ లేదు. నీ దగ్గర నాలుగు సెంటీమీటర్లనే అంకె ఉంది. అది నిన్ను కొట్టిన కర్ర అని ఇవాళ అనుకుంటున్నావు. రేపు నువ్వు పట్టుకుని లేవాల్సిన చేతికర్రా అదే.

అయితే కొలిచేవాడి మీదా ఒక బాధ్యత ఉంటుంది. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి సంగతి నీకు నాకన్నా బాగా తెలుసు. 100 మీటర్ల హర్డిల్స్‌లో అనురాధా బిస్వాల్ 2002లో పెట్టిన జాతీయ రికార్డు 13.38 సెకన్లు. 2020 జనవరిలో మూడబిద్రిలో జరిగిన విశ్వవిద్యాలయాల పోటీల్లో జ్యోతి 13.03లో పరుగెత్తింది. అక్కడ డోప్ పరీక్షకు ఏర్పాట్లు లేవు కాబట్టి రికార్డు కాదన్నారు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09. వెనక నుంచి వీచిన గాలి సెకనుకు 2.1 మీటర్లు, ఒప్పుకునేది 2.0. మళ్లీ కాదన్నారు. మే 10న సైప్రస్ దేశం లిమసోల్‌లో 13.23లో పూర్తి చేసింది. ఈసారి గాలి సాయం లేదు, ఎవరూ కాదనలేకపోయారు. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో ఆ పరుగుకు మన దేశం నుంచి నిలబడ్డ మొదటి మనిషి అయింది.

ఈ రెండు తిరస్కారాలూ ఒకటి కావు, జాగ్రత్తగా చూడు. కోజికోడ్‌లో కాదన్నది గాలి మీటరు. అది జ్యోతికీ వర్తిస్తుంది, జమైకా పిల్లకీ వర్తిస్తుంది. దానికి తలవంచాలి. మూడబిద్రిలో లోపం ఆ పిల్ల కాళ్లలో లేదు, ఏర్పాట్లలో ఉంది. పరీక్ష పెట్టాల్సినవాళ్లు పెట్టకుండా, పరీక్ష జరగలేదు కాబట్టి లెక్కలోకి రాదంటే ఆ భారం పిల్ల మీద పడింది. పిల్ల దగ్గర సెకనులో నూరోవంతు అడిగే దేశం తన పని దగ్గరా అంత ఖచ్చితంగా ఉండాలి.

మిగతా దేశాల సంగతీ అడిగావు. అమెరికా అథ్లెటిక్స్‌లో ట్రయల్స్ నాటి ఫలితమే ఫలితం. డాన్ ఓబ్రయన్ 1991లో డెకాథ్లాన్ ప్రపంచ విజేత. 1992 ట్రయల్స్‌లో పోల్‌వాల్ట్‌లో మూడు ప్రయత్నాలూ తప్పాడు, బార్సిలోనా ఒలింపిక్స్‌కు పంపలేదు. అతనికోసం గీత జరపలేదు. 1996లో అట్లాంటాలో స్వర్ణం గెలిచాడు. ఇంకోవైపు ఈక్వటోరియల్ గినీ ఈతగాడు ఎరిక్ ముసాంబానీకి 2000లో సిడ్నీలో 100 మీటర్లు ఈదడానికి దాదాపు రెండు నిమిషాలు పట్టింది. చిన్న దేశాలకూ ఒక చోటు ఉండాలని ముందే పెట్టుకున్న నియమం మీద వచ్చాడు, అది న్యాయమే. ఇంత పెద్ద మన దేశం ఆ మినహాయింపు అడగకూడదు. మనం కాళ్ల మీద నిలబడి వెళ్లాల్సినవాళ్లం.

మన దగ్గర కూడా గీత తెలియక నలిగినవాళ్లు ఉన్నారు. కేరళ అమ్మాయి పి.యు. చిత్ర 2017లో భువనేశ్వర్‌లో 1500 మీటర్లలో ఆసియా విజేత అయింది. ఆ గెలుపుతో ప్రపంచ పోటీలకు దారి తెరుచుకున్నట్టే. అయినా లండన్ వెళ్లే జట్టులో పేరు లేదు. కేరళ హైకోర్టు చేర్చమన్నా గడువు దాటిపోయి వెళ్లలేకపోయింది. మరుసటి ఏడు ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చింది. గెలిచాక గీత ఇంకా పైనుందని చెప్పడం కఠినత్వం కాదమ్మా. అది మాట తప్పడం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మీ నాన్న ఎవరో పెద్దాయన చేత పైకి ఫోను చేయిస్తానంటున్నాడని మీ అమ్మ చెప్పింది. వద్దు. ఎందుకు వద్దంటున్నానో చెప్పాలంటే ఇన్నేళ్లు ఎవరికీ చెప్పని మాట ఒకటి నీకు చెప్పాలి.

ఉద్యోగంలో చేరిన తొలినాళ్లలో ఒక జట్టు ఎంపికకు నన్నూ కూర్చోబెట్టారు. ఆరు చోట్లు. ఐదు తేలిపోయాయి. ఆరో చోటుకు ఇద్దరు కుర్రాళ్లు. స్టాప్‌వాచీ నా చేతిలోనే ఉంది. ఒకడు అరసెకను ముందు వచ్చాడు. వెనక వచ్చినవాడి తరఫున ముందురోజు రాత్రి మా ఇంటికి ఒక పెద్దమనిషి వచ్చి వెళ్లాడు. చేతి గడియారంలో అరసెకను ఎవరు అడుగుతారనుకుని వెనకవాడి పేరు రాశాను. చాలా ఏళ్ల తర్వాత గుంటూరు మిర్చి యార్డుకు కాయ వేసుకెళితే ఆ మొదటి కుర్రాడు మిర్చి బస్తాలు, అదే టిక్కీలు, మోస్తూ కనిపించాడు. మోసే పని తక్కువదని నేననను. కానీ నన్ను చూసి టిక్కీ దించి, తలగుడ్డ తీసి, "నమస్కారం మాస్టారూ" అన్నాడు. తనకు జరిగింది అతనికి తెలియదు. ఆ నమస్కారం ఇప్పటికీ నా మెడ మీద ఉంది. ఆ రోజు నా చేతిలో మీటరు ఉంది, దాన్ని పక్కన పెట్టి చెయ్యి వాడాను.

జూనియర్ల విషయంలో హద్దు కొంచెం సడలిస్తే మంచిదని నాకూ ఉంది. చిన్నతనంలో ఒక పెద్ద పోటీ చూసొస్తే వచ్చే అనుభవం వేరు. కానీ ఆ సడలింపు కూడా సీజను మొదట్లోనే, అందరికోసం రాసి పెట్టాలి. జాబితా అంటించాక నా మేనకోడలి కోసం సడలించమంటే దానికి పేరు సిఫారసు. యార్డులో ఒక్క టిక్కీలో తాలు కాయ కలిపినా లాటు మొత్తానికి ధర పడిపోతుందని మీ నాన్నకు ఒకరు చెప్పాలా?

కాబట్టి ఏడుపు ఆగాక నాలుగు ప్రశ్నలు వేసుకో. అర్హత దూరం పోటీకి ముందే చెప్పారా? చెప్పారు, అది నీ గది గోడ మీదే రాసుకున్నావు. అందరికీ ఒకటేనా? ఒకటే, అబ్బాయిల్లోనూ గెలిచినవాళ్లు ఇద్దరు ఆగిపోయారని నువ్వే రాశావు. సరిగ్గా కొలిచారా? కొలిచారు. అందుకోవడానికి సరిపడా అవకాశాలు ఇచ్చారా? ఇక్కడ మాత్రం నీ వైపు న్యాయం ఉంది. ఈ సీజను మొత్తంలో గాలి మీటరు పెట్టిన పోటీలు నీకు రెండే దొరికాయి. రెండు పోటీల్లో పన్నెండు దూకులు. అందులో ఒక్కటైనా, పాదం గీత తొక్కకుండా, గాలి హద్దు దాటకుండా, ఒంట్లో బాగున్న రోజున పడాలి.

నీ పోరాటం అక్కడ పెట్టు. నీ పేరు చేర్చమని రాయకు. వచ్చే సీజనుకు మన ప్రాంతం పిల్లలకు గాలి మీటరుతో, అర్హత ఉన్న అధికారులతో కనీసం ఐదారు పోటీలు పెట్టమని రాయి. ఈ ఏడు ఖాళీగా ఉంచిన చోటుకు అయ్యే ఖర్చు ఆ పోటీలకు పెట్టమని రాయి. నీతోపాటు దూకిన పిల్లలందరి చేతా సంతకాలు పెట్టించు, రెండో స్థానం వచ్చిన పిల్ల చేత ముందు పెట్టించు. నకలు నాకు పంపితే నేనూ సంతకం చేస్తాను. నా సంతకానికి విలువ ఎంతో నాకు తెలియదు గానీ ఆ బాకీ నాకు ఉంది.

ఉగాదికి రా. పొలం వెనక ఇసుక గుంట తవ్వించి, నీళ్లు చల్లించి, రాళ్లు ఏరించి ఉంచాను. కొత్త స్టీలు టేపు కొన్నాను. నువ్వు దూకితే నేనే కొలుస్తాను, ఒక్క సెంటీమీటరు కూడా కలపను.

మీ నాన్నకు ఈ ఉత్తరం చదివి వినిపించు. ఫోను చేయించవద్దని మామయ్య బతిమాలుకుంటున్నాడని చెప్పు.

ఆశీస్సులతో,
మామయ్య