ముందు నీ కాగితాలు చూసుకో

చిరంజీవి మేనల్లుడికి,


చూసి పెట్టమని పంపిన ఉద్యోగ దరఖాస్తు ఫారం చదివాను. ఆడవాళ్ల కోసం రెండు గళ్లు విడిగా పెట్టావు: ‘పెళ్లి ఎప్పుడు చేసుకుంటారు?’, ‘పిల్లల గురించి ఆలోచన ఉందా?’ ముందు ఆ రెండూ కొట్టేయ్.

ఇంతకంటే అన్యాయమైన గళ్లు ఒకప్పుడు ఎల్‌ఐసీ ఉద్యోగ ఫారంలో ఉండేవి. నెలసరి సరిగ్గా వస్తోందా, చివరిసారి ఎప్పుడొచ్చింది, ఎన్నిసార్లు గర్భం దాల్చారు, గర్భస్రావాలేమైనా అయ్యాయా అని అడిగేవారు. ప్రొబేషన్‌లో ఉన్న ఒకావిడ ప్రసూతి సెలవు పెడితే, ఆ సెలవులో ఉండగానే ఉద్యోగం తీసేశారు. ఎందుకయ్యా అంటే, చివరి నెలసరి తేదీ తప్పు రాసిందని కోర్టులో వాదించారు! 1991లో సుప్రీంకోర్టు ఆవిణ్ణి తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమంది, ఆ గళ్లూ తీసేయమంది. ఆ ఫారం తయారుచేసినవాళ్లు దుర్మార్గులని నేననుకోను. ఎవరో రాశారు, ఎవరో అచ్చేశారు, ఏళ్ల తరబడి ఎవరూ చదవలేదు. వివక్ష చాలా చోట్ల ఇలాగే నడుస్తుంది.

ప్రసూతి సెలవు ఇస్తే 26 వారాల జీతం నెత్తిన పడుతుందని నీ భయం, నాకు తెలుసు. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి చేసిన 2017 సవరణ తర్వాత మొదటి ఇద్దరు పిల్లలకూ అంత సెలవు ఇవ్వాల్సిందే. కానీ నీ యూనిట్లో చాలామంది జీతం 21,000 లోపే, వాళ్లకి ఈఎస్‌ఐ కడుతూనే ఉన్నావు. వాళ్ల ప్రసూతి డబ్బు ఇచ్చేది ఈఎస్‌ఐ, నువ్వు కాదు. నెలనెలా చందా కట్టేవాడికి ఈ సంగతి తెలియకపోతే ఎట్లారా?

నీ దగ్గర పనివాళ్లు పదిమంది దాటారు కాబట్టి లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ కూడా ఉండాలి. సగానికి తగ్గకుండా ఆడవాళ్లు, బయటి నుంచి ఒకరు. మీ ఆవిణ్ణి అధ్యక్షురాలిగా కూర్చోబెట్టి అయిపోయిందనిపించకు. ఆవిడ ముందు నోరు విప్పేదెవరు?

ఇంకోటి. ఇంటర్వ్యూలో ‘మీ ఇంటిపేరేంటి, ఏ ఊరు వైపు, మీవాళ్లెవరు’ అని తిప్పితిప్పి అడిగేది కులం కోసమే. అవతల కూర్చున్న కుర్రాడికి అది క్షణంలో అర్థమవుతుంది. ప్రైవేటు ఉద్యోగాల్లో అన్ని రకాల వివక్షనూ ఒక్కచోట నిషేధించే చట్టం మన దేశంలో లేదు. ఆ లోటు చూసుకుని ధైర్యం తెచ్చుకోకు. ఊళ్లో మాట పాకడానికి చట్టం అక్కర్లేదు.

అసలు చిక్కు జీతాల దగ్గర. ప్యాకింగ్‌లో ఆడవాళ్లని ‘హెల్పర్’ అని, అదే బల్ల దగ్గర అదే పెట్టెకి టేపు వేసే మగవాళ్లని ‘ఆపరేటర్’ అని రాశావు. బొంబాయిలో మెకిన్నన్ మెకంజీ కంపెనీ లేడీ స్టెనోలని ఇలాగే వేరే వర్గమంది. యూనియన్‌తో ఒప్పందం ఉందంది, ఇచ్చే స్తోమత లేదంది. 1987లో సుప్రీంకోర్టు ఒక్కటీ ఒప్పుకోలేదు. ఒకే పనికి ఒకే జీతం ఇవ్వడానికి యజమాని స్తోమతతో సంబంధం లేదని తేల్చింది. రేపు నువ్వు చెప్పబోయే సాకులు దాదాపు నలభయ్యేళ్ల కిందటే వాళ్లు చెప్పి ఓడిపోయారు.

పేర్లు మూసి, పని మాత్రమే చూసి, జీతాల పట్టీ ఒకసారి తిరగరాయి. వచ్చే నెల జీతాలు వేసేలోపే ఈ పని అయిపోవాలి.

ఇట్లు,
మీ మావయ్య